చేయబోయేది చెప్పమన్న మనిషి

మా వీధి షిఫ్టు సారు పోయారని ఆ ఉదయం చివరింటి టైలరమ్మ వచ్చి చెప్పింది. "అమ్మా, సారు ఇగ లేడు. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అని గేటు పట్టుకుని నిలబడింది. ఎవరు చెప్పారు, నువ్వు చూశావా, డాక్టరు చూశాడా అని అడిగాను. అన్నిటికీ జవాబు వచ్చాకే చెప్పులు వేసుకున్నాను. రుజువు లేనిదే ఏ మాటా తీసుకోకపోవడం, కాలేజీ లెక్కల ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకు పట్టిన అలవాటు. ఆ అలవాటును ఆయన మీద వాడినంతగా ఇంకెవరి మీదా వాడలేదు. కాబట్టి ఆయన గురించి రాయడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటాను.

శంషాబాద్‌లో మాది పదకొండు ఇళ్ళ చిన్న వీధి. కొందరం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళం, మిగిలినవారు ఇక్కడి పాత రైతు కుటుంబాలవాళ్ళు. ఆయన ఇక్కడివారే. ఎయిర్‌పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. షిఫ్టు మొదలయ్యే ముందు సామాను ఎక్కించేవాళ్ళను, విమానం లోపల శుభ్రం చేసేవాళ్ళను, ఇంధనం నింపేవాళ్ళను ఒకచోట నిలబెట్టి, ఎవరు ఏం చేయబోతున్నారో అందరికీ వినపడేలా చెప్పించడం ఆయన పని. అందుకే ఆ పేరు. ఎవరి పని వాళ్ళు బ్రహ్మాండంగా చేసినా విమానం కదలకుండా ఆగిపోయిన రోజులున్నాయని నవ్వుతూ చెప్పేవారు.

నెత్తి మీద విమానం వెళ్తుంటే ఆయన మాట ఆపేసేవారు. చప్పుడు పోయాక, ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేవారు. ఆ సందులో జవాబు కూర్చుకుంటున్నారేమోనని నాకు అప్పుడే అనిపించేది.

ఒక ఎండాకాలం మా వీధి బోర్లు ఒక్కొక్కటిగా మొరాయించాయి. ఒక ఆదివారం పొద్దున ఆయన అందరినీ తన ఇంటి సజ్జ నీడలోకి పిలిచారు. కుర్చీలు వేయలేదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళం ఉన్నామని నేను గుర్తుచేస్తే, కూర్చుంటే మాట పెరుగుతుందని చెప్పి, నాకు మాత్రం ఒక స్టూలు తెప్పించారు. ఎవరు నీళ్ళు వృథా చేశారు, ఎవరు కార్లు కడిగారు అన్న మాట ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "చేసింది వద్దు. ఈ వారం చేయబోయేది చెప్పున్రి" అన్నారు.

దాచుకోవడం నాకు చేతకాదు. బోరు లారీ మాట్లాడానని, ఎనిమిది వందల అడుగులు వేయిస్తున్నానని చెప్పాను. గగన్‌పహాడ్‌లో పైపుల దుకాణం నడిపే మూడో ఇంటాయన మా వైపువారే. "మేడమ్ గారు పాతాళానికి బయల్దేరితే నేను పైన కూర్చుంటానా అండీ? నాది వెయ్యి" అన్నారు. అందరూ నవ్వారు. ఆ పక్కవారు పన్నెండు వందలన్నారు. వేలంపాటలా ఒకరిని మించి ఒకరు లోతుకు దిగుతూ మాట చివరింటి దాకా వచ్చింది.

అక్కడ టైలరమ్మ. భర్త లేడు. మెషీను మీద వచ్చేదే జీవనం. తండ్రి పొలంలో మిగిలిన ముక్కలో కట్టుకున్న రెండు గదుల ఇల్లు, వీధిలో అన్నిటికన్నా లోతు తక్కువ బోరు. "మీరందరు ఏసినంక నా బోరుల బురద గూడ రాదు. ఇగ ఇల్లమ్మి బడంగ్‌పేట దిక్కు కిరాయికి పోత" అంది. ఏడుపేమీ లేదు. చేయబోయేది చెప్పమంటే చెప్పింది.

ఆయన జాలి మాటలేవీ ఆడలేదు. మనకు కావలసిందేమిటని అడిగారు. నీళ్ళన్నాం. ఎవరింట్లో అని అడిగారు. తానే చివరింటి వైపు చెయ్యి చూపించారు. అప్పుడన్నారు: "చివరింట్ల నల్లా తిప్పితే నీళ్ళు రావాలె. గంతే అనుకుందాం. ఇగ మళ్ళ మొదటికెల్లి చెప్పున్రి, ఈ వారం ఎవరేం చేస్తరు?"

రెండో చుట్టు వేరే విధంగా నడిచింది. కొత్త బోరు ఆ నల్లాకు నీళ్ళు తెస్తుందా, తీస్తుందా అన్నదే కొలత అయింది. ఆ కొలతకు నా ఎనిమిది వందల అడుగులూ నిలవలేదు. నీళ్ళు బాగా ఉన్న మూడు బోర్ల నుంచి వంతులవారీగా ఉమ్మడి ట్యాంకు ఒకటి నింపాలని, అందరూ అక్కడే పట్టుకోవాలని, అక్కడి నుంచి చివరింటికి పైపు వేయాలని, కొత్త బోరు మాట వానలు పడేదాకా ఎత్తకూడదని తేలింది. ఇదంతా రాసి సంతకాలు పెట్టిద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "రాస్తే అబద్ధం జాగ్రత్తగ చెప్తరు మేడమ్. మొకం చూసి చెప్పనీయున్రి."

రాయడానికి వెనకాడే మనిషిని నేను నమ్మను. లారీకి వద్దని కబురు పంపానే గాని మనసు కుదుటపడలేదు. పదిమందిని ఒక మాట మీదికి తెచ్చే మనిషికి దానివల్ల ఏదో ఒరగకుండా ఉంటుందా? అంతలో మూడో ఇంటాయన ఒక సంగతి నా చెవిన వేశారు. సారు మేనల్లుడికి తుక్కుగూడలో నీళ్ళ ట్యాంకర్లున్నాయట. మేం బోర్లు మానుకుంటే లాభం ఎవరికో చెప్పడానికి లెక్కల ఆఫీసు అక్కరలేదు.

ఆ రోజు నుంచి మా బాల్కనీలో కూర్చుని కనిపెట్టాను. "అమ్మమ్మా, నువ్వు కాపలా కాస్తున్నావా?" అని మనవరాలు వేళాకోళం చేసింది. అందరూ కునుకు తీసే మధ్యాహ్నం వేళ, ఆయన ఇంటి వెనక సందులోకి ఒక ట్యాంకర్ వచ్చింది. రెండు రోజులు ఆగి మళ్ళీ వచ్చింది. ఎవరితోనూ అనలేదు. అందరం మళ్ళీ సజ్జ కింద చేరే ఆదివారం, నా వంతు వచ్చేదాకా ఆగాను.

"ఈ వారం నేను చేయబోయేది ఒకటే. మీ ఇంటి వెనకకు ట్యాంకర్ ఎందుకు వస్తోందో కనుక్కోబోతున్నాను" అన్నాను.

విమానమేదీ రాలేదు. అయినా ఆయన కాసేపు ఆగారు. తర్వాత చెప్పారు. వీధిలో మొదట ఎండింది ఆయన బోరే. ఉగాదికి ముందే ఎండింది. మేనల్లుడు అప్పుడప్పుడు ట్యాంకర్ తెచ్చి సంపులో పోస్తున్నాడు. ఆ మాట బయటపడితే మేమంతా బెదిరి మర్నాడే బోరు లారీలను పిలుస్తామని, అందుకే చెప్పలేదని అన్నారు.

నేను ఇంకా అడగబోతుంటే టైలరమ్మ ముందుకు వచ్చింది. అంతవరకూ సారూ, మీరూ అన్న మనిషి నువ్వులోకి దిగింది. "నా ఇంటి ముచ్చట అందరి ముంగట చెప్పిచ్చినవ్. నీ ఇంటి ముచ్చట దాసుకున్నవ్."

ఆయన తల దించుకున్నారు. "తప్పే అక్కా" అన్నారు. సంజాయిషీ పెంచలేదు. ఈ వారం తాను చేయబోయేదేమిటో చెప్పారు. ట్యాంకర్ బంద్. అందరితోపాటు ఉమ్మడి ట్యాంకు దగ్గర బిందె పట్టుకుని నిలబడతారు.

అలాగే నిలబడ్డారు. మొదటివారం అది నటనేమోనని చూశాను. రెండోవారం కూడా చూశాను. వాన మొదలయ్యేదాకా ఆయన బిందె ఆ వరసలోనే ఉంది.

ఆ గొడవ తర్వాత ఆయన ఒకరోజు మా ఇంటికి వచ్చారు. నేనిచ్చిన కాఫీని చాయ్ కాదు గదా అన్నట్టు చూసి తాగారు. ఇక ప్రతి ఆదివారం, ఎవరేం చెప్పినా ముందుగా ప్రశ్న అడిగే పని నన్ను తీసుకోమన్నారు. "మీరు అనుమానంగ అడుగుతరు. జర కష్టమైతది గానీ, మాకు గదే కావాలె. మీరడగకుంటే నేను గట్లనే దాస్తుంటి" అన్నారు. పొగిడి నోరు మూయించే ఎత్తు కావచ్చనుకున్నాను. అందుకని మరింత గట్టిగా అడిగాను. ఎక్కువగా ఆయననే అడిగాను. ఒక్కసారి కూడా ముఖం మాడ్చుకోలేదు. ఇంట్లో నా వాళ్ళే విసుక్కునే గుణానికి ఆయన ఒక పని అప్పగించారు. ఆ మేలు ఆయన బతికి ఉండగా నేను ఒప్పుకోలేదు.

టైలరమ్మ బోరు ఆ వేసవి నిలిచింది. మా కట్టుబాటువల్లే నిలిచిందని అనలేను, ఆ ఏడు ఇక్కడ వానలు కాస్త ముందుగా పడ్డాయి. ఆమె ఇల్లు అమ్మలేదు, అంతవరకు రుజువుంది.

సారు పోయిన రోజున ఆ మేనల్లుణ్ణి చూశాను. ఆ సమయంలో అడగకూడదని తెలిసీ అడిగాను. మీ ట్యాంకర్ల కోసమే మమ్మల్ని ఆపారా అన్నాను. అతను కళ్ళు తుడుచుకుంటూనే కోపగించుకున్నాడు. "ఏం మాట్లాడుతున్నరమ్మా? మీ గల్లీల పైసలకు ఒక్క ట్రిప్పు గూడ కొట్టనీయలే మామ. ఉల్ట నా దందా ఖరాబ్ చేసిండు" అన్నాడు. కోపంలో వచ్చిన మాట కాబట్టి సగం నమ్మాను. మిగతా సగానికి మా వీధి మొదట్లోని కాపలాదారును అడిగి చూశాను. ఆ వేసవిలో అతని బండి ఇంకే గేటు ముందూ ఆగలేదట.

పదకొండో రోజుకు ఆయన సొంత ఊరి నుంచి బంధువులంతా వచ్చారు. వంటలకూ స్నానాలకూ నీళ్ళు కావాలి. వానలు పడినా ఆయన బోరు మళ్ళీ ఊరలేదు. ఏర్పాటేమిటో కనుక్కుందామని పొద్దున్నే బయటికి వచ్చాను. మా గేటు తప్ప ప్రతి గేటు కింద నుంచీ ఒక పైపు, ఆకుపచ్చదో నీలిదో, బయల్దేరి వీధికి అడ్డంగా ఆయన ఇంట్లోకి పోతోంది. ఎవరు చెప్పారని మూడో ఇంటాయనను అడిగాను. తానొక్కరే తెస్తున్నానని అనుకున్నారట. ఇంకో ఇద్దరిని అడిగాను. వాళ్ళూ అదే మాట. మాట మొదలైన చోటు ఎంత వెతికినా దొరకలేదు. నేను వెనక్కి వెళ్ళి మా పైపు తెచ్చాను.

ఎయిర్‌పోర్టుకు వెళ్ళే క్యాబ్ ఒకటి వచ్చి పైపుల ముందు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేసి దిగాడు. లోపలున్నతను సూట్‌కేసు ఎత్తి పట్టుకుని, ఒక్కొక్క పైపూ దాటుకుంటూ వీధి మొదటికి నడిచి వెళ్ళాడు.

టైలరమ్మ పైపు పొడవు చాలలేదు. మరో ముక్క కలిపి, అతుకు మీద జాకెట్టు గుడ్డ పీలిక చుట్టింది. అయినా ఆగక కారుతుంటే నేల మీదే కూర్చుని ఆ అతుకును రెండు గుప్పిళ్ళతో బిగించి పట్టుకుంది. తన బోరు నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి చిమ్మి ఒడి తడిపేస్తున్నాయి. లేచి మరో గుడ్డ తెచ్చుకోమన్నాను. వద్దన్నట్టు తల ఊపింది. లోపల డ్రమ్ము నిండుతున్న చప్పుడు ఎప్పుడు మారుతుందా అని ఆ ఇంటి వైపే చెవి పెట్టి వింటోంది.