కుడి చేయి ఖాళీ లేనివాళ్ళ కోసం

మా హెల్గారిడ్‌ ఊళ్ళో ఎవరైనా "ఇది నేను చేశాను" అన్నారంటే, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా కాఫీ కప్పుల్లోకి చూస్తారు. కేకు బాగుందని మెచ్చుకుంటే "ఏముందిలే, పొయ్యి మంచిది" అనాలి. కొడుకు డాక్టరయ్యాడంటే "ఏదో, వాడి అదృష్టం" అనాలి. నేనూ అలాగే పెరిగాను, నా పిల్లల్నీ అలాగే పెంచాను. దాగ్నీ హుల్ట్‌మార్క్ కూడా అలాగే పెరిగింది. అందుకే యాభై ఏళ్ళొచ్చేదాకా ఆమెను నిలువునా దోచుకున్నారు. నేనిలా అంటే ఊళ్ళోవాళ్ళకి కోపం వస్తుంది. రానీండి!

బ్రాండేలియస్ కార్ఖానాలో తలుపు బందులు, కొక్కేలు, ఎలుకల బోనులు తయారుచేసేవాళ్ళం. నేను ప్రెస్సు యంత్రం మీద, దాగ్నీ నా పక్కన బిగింపు బల్ల దగ్గర. ఇరవై రెండేళ్ళు మోచెయ్యీ మోచెయ్యీ తగిలేంత దగ్గరలో పనిచేశాం. పొట్టి మనిషి, పెళ్ళి చేసుకోలేదు, తల్లితో ఉండేది. మాట తక్కువ. కానీ ఏదైనా వస్తువు చికాకు పెడితే మాత్రం ఊరుకునేది కాదు. ఆ వస్తువుతో పోట్లాటకి దిగేది.

మొదటి పోట్లాట పాల క్యానుతో. పాలు పితికేవాళ్ళు కుడిచేత్తో క్యాను పట్టుకుంటే మూత తియ్యడానికి మూడో చెయ్యి కావాలి. దాగ్నీ ఎడమ బొటనవేలితో నొక్కితే తెరుచుకునే గడియ చేసింది. తరవాత, మంచు గడ్డకట్టిన చెరువు మీద గాలం వేసేవాళ్ళ కోసం దారపు చక్రానికో అడ్డు. ఆస్పత్రిలో నర్సుగా చేసే పిన్ని కూతురి కోసం సెలైన్ సీసా కొక్కెం. ఆ తరవాత మా ప్రార్థన మందిరంలో హార్మోనియం వాయించే పాస్టరు గారి భార్య పాటల పుస్తకానికి క్లిప్పు. నాలుగింటికీ పేటెంట్లు వచ్చాయి. నాలుగు కాగితాల మీదా రూపొందించినవారు: డైరెక్టర్ అక్సెల్ బ్రాండేలియస్.

పత్రిక వాడు ఒకసారి వచ్చి, పాల క్యాను గడియ ఎవరి ఆలోచన అని అడిగాడు. దాగ్నీ చేతులు తుడుచుకుంటూ "ఏదో, అందరం కలిసి చేశాం" అంది. నేను పక్కనే ఉన్నాను. ఎంత మర్యాదగా చెప్పిందో అనుకున్నాను. డైరెక్టర్ గారు ఆ పత్రిక ముక్క కత్తిరించి దాచుకున్నారని మాకేం తెలుసు!

ఆ మధ్య దాగ్నీ తల్లి అమాండా గారికి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి వాళ్ళు ఇనప మంచం ఇంటికిచ్చారు, పడిపోకుండా పక్కన కమ్మీ ఉన్న మంచం. ఆ కమ్మీ గడియ తియ్యాలంటే రెండు చేతులూ కావాలి. ఒక ఉదయం దాగ్నీ తల్లి వీపు కింద కుడి చెయ్యి పెట్టి లేపింది, ఎడమ చేత్తో గడియ లాగింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. గడియ ఊడింది, కమ్మీ దబ్బున కింద పడింది, ముసలావిడ చేతిలోంచి జారిపోయింది. తుంటి విరిగింది. ఆ క్రిస్మస్ చూడలేదు.

దాగ్నీ మా ముందు ఏడవలేదు. వసంతం వచ్చేసరికి కొత్త గడియ చేసి బల్ల మీద పెట్టింది. ఎడమ బొటనవేలు ఆనిస్తే చాలు, కమ్మీ మెల్లగా, చప్పుడు లేకుండా దిగుతుంది. మేమంతా చుట్టూ చేరి నవ్వాం. "ఎడంచేతి వాళ్ళకా ఇది?" అన్నాడు సానపట్టే ఎర్లాండ్. "మంచానికి ఇంత మర్యాదెందుకే?" అన్నాను నేను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

డైరెక్టర్ గారు ఎప్పటిలాగే వచ్చి గడియ చేతిలోకి తీసుకోబోయారు. దాగ్నీ దాని మీద అరచెయ్యి పెట్టింది.

"ఇది ఇవ్వను."

"ఇవ్వకపోవడమేమిటి? కార్ఖానా ఇనుము, కార్ఖానా బల్ల."

"ఇనుము తీసుకోండి, తూచి ఇస్తాను. పాలదీ, చేపలదీ, సీసాదీ, పాటలదీ మీరు రాయించుకున్నారు. పోనీలే అనుకున్నాను. ఇది మా అమ్మది. దీని మీద నా పేరుంటుంది."

యంత్రాలన్నీ ఆడుతూనే ఉన్నాయి కానీ మనుషులెవరూ కదల్లేదు. డైరెక్టర్ గారు నవ్వారు. "దాగ్నీకి పేరు కావాలిట!" అని మావైపు చూశారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, మాలో కొందరు నవ్వారు కూడా.

దాగ్నీ సొంతంగా దరఖాస్తు పంపింది. వారం తిరక్కుండా డైరెక్టర్ గారూ అదే గడియకి తన పేరుతో పంపారు. ఇద్దరినీ స్టాక్‌హోమ్ రమ్మని పేటెంట్ కార్యాలయం నుంచి ఉత్తరాలొచ్చాయి. వెంటనే ఒక మధ్యాహ్నం కాఫీ వేళ డైరెక్టర్ గారు మా బల్ల దగ్గరికొక కాగితం పట్టుకొచ్చారు. "ఈ గడియ డైరెక్టర్ గారి మార్గదర్శకత్వంలో మేమందరం కలిసి రూపొందించినది" అని టైపు చేసి ఉంది. కింద సంతకాలకి పదకొండు గీతలు.

నేను చదివే సంతకం పెట్టాను. చదవలేదని అబద్ధమాడను. పెట్టకపోతే మాలో ఒకత్తిని మా నెత్తిన కూర్చోబెట్టినట్టవుతుంది కదా, అదీ నా బాధ. పైగా ఉద్యోగం. ఎదురుగా కూర్చున్న దాగ్నీ బన్ను తుంచుకుంటూ చూసింది. "నీ చేతిరాత ఎంత బాగుందే హిల్డూర్! పెన్ను బొత్తిగా వణకలేదు" అంది.

నవంబరులో డైరెక్టర్ గారి కార్లో, డైరెక్టర్ గారి సాక్షిగా వెళ్ళాను. దాగ్నీ రైల్లో వచ్చింది, సంచిలో గడియ, ఒక కమ్మీ ముక్క పెట్టుకుని. విచారణ గదిలో పొడవాటి ఓకు చెక్క బల్ల, దాని వెనక బట్టతల అధికారి ఒకాయన. డైరెక్టర్ గారి వకీలు లేచాడు. అబ్బ, ఏం నోరు!

"అయ్యా, పాడి, చేపల వేట, వైద్యం, సంగీతం. ఇప్పుడు మంచాలు. ఏడో తరగతి చదివిన ఒక మనిషికి ఇన్ని రంగాలు తెలుస్తాయా? ఇన్ని రంగాల పని ఒక సంస్థ నుంచే వస్తుంది. పదిమంది బుర్రలు కావాలి. ఇవిగో పదకొండు సంతకాలు. ఇదిగో, ఆమె సొంత నోటితో పత్రికకి చెప్పిన మాట."

అధికారి దాగ్నీ వైపు తిరిగాడు. "అసలు మీ రంగం ఏమిటమ్మా?"

మా ఊరిదే కదా, మళ్ళీ "ఏదో, అందరం కలిసి" అంటుందనుకున్నాను. దాగ్నీ తలెత్తింది.

"నాకు రంగాలు తెలియవండీ. కుడి చెయ్యి ఖాళీ లేని మనుషులు తెలుసు. ఆవు దగ్గరున్నా అంతే, రోగి దగ్గరున్నా అంతే. కుడిచేతి నిండా పని. ఎడమ చెయ్యి ఊరికే ఉంటుంది. దానికి నేను పని ఇచ్చాను. అయిదూ నేనే చేశాను."

ఆ చివరి మాటకి మా ఊళ్ళో అయితే అందరూ కప్పుల్లోకి చూసేవాళ్ళు. అధికారి నాకేసి చూశాడు. "మీరు చెప్పండి. దీన్ని మీరందరూ కలిసి చేశారా?"

డైరెక్టర్ గారు నావైపు చూసి ధైర్యం చెబుతున్నట్టు తలాడించారు. అదే నా కొంప ముంచింది! నేనేదో ఆయన పెంపుడు కుక్కపిల్లనన్నట్టు ఆడించారా తల! ఒళ్ళు మండిపోయింది.

"లేదండీ," అన్నాను. "ఆ గడియ విషయంలో మేమందరం కలిసి చేసింది ఒక్కటే. దాన్ని చూసి నవ్వాం. ఆ కాగితం అబద్ధం. సంతకం మాత్రం నాదే."

వకీలు ఏదో అరవబోయాడు. దాగ్నీ అతన్ని పట్టించుకోలేదు. సంచిలోంచి కమ్మీ తీసి బల్ల అంచుకి బిగించింది. నాతో "ఎక్కి పడుకో" అంది.

"ఎక్కడ?"

"బల్ల మీదే. కార్లో కూర్చుని వచ్చావుగా, అలసిపోయుంటావు."

ఎనభై ఆరు కిలోల మనిషిని, చర్చి గౌనులో, ఆ ఓకు బల్ల ఎక్కి కాగితాల మీద వెల్లకిలా పడుకున్నాను. దాగ్నీ నా వీపు కింద కుడి చెయ్యి పెట్టి లేపింది. ఎడమ బొటనవేలు ఆనించింది. కమ్మీ చప్పుడు లేకుండా దిగింది. నన్ను జారనివ్వకుండా కూర్చోబెట్టింది. కూర్చోబెట్టాక కూడా చెయ్యి వెంటనే తియ్యలేదు. ఆమె అప్పుడు పట్టుకున్నది నన్ను కాదని నాకొక్కదానికే తెలుసు.

"ఇప్పుడు డైరెక్టర్ గారు," అంది పక్కకి జరిగి. "వారు చేసిన గడియే కదా."

ఆయన కోటు సర్దుకుని వచ్చారు. నా వీపు కింద ఎడమ చెయ్యి దూర్చి, కుడి చేత్తో గడియ కోసం తడిమారు. అందలేదు. చేతులు మార్చబోయారు. మార్చేటప్పుడు నన్ను వదిలేశారు. నా తల ఠంగుమని బల్లకి కొట్టుకుంది. అధికారి కళ్ళజోడు తీసేసి, "చాలు, డైరెక్టర్ గారూ, ఆవిణ్ణి దించండి" అన్నాడు.

కారు నాకోసం ఆగలేదు. దాగ్నీతో రైల్లో వచ్చాను. నా నెత్తిన బొప్పి కట్టింది. లిన్‌షాపింగ్ స్టేషను దాటాక దాగ్నీ సగం రొట్టె తుంచి నా ఒళ్ళో పెట్టింది. "క్షమించానని కాదు. ఆకలిగా ఉంటావని" అంది.

వసంతంలో పేటెంటు వచ్చింది. రూపొందించినవారు: దాగ్నీ హుల్ట్‌మార్క్. పాత నాలుగూ డైరెక్టర్ గారి పేరునే ఉండిపోయాయి. మమ్మల్నిద్దరినీ పెట్టెలకి మేకులు కొట్టే గదికి మార్చారు. దాగ్నీ ఆ వారమే మానేసి, సొంత కొట్టంలో బల్ల వేసుకుంది. నేను మేకులు కొట్టాను.

తరవాత జరిగిందే ఊరికి అసలు మింగుడుపడలేదు. మా టెలిఫోన్ పుస్తకంలో ప్రతి పేరు పక్కనా వృత్తి వేస్తారు: రైతు, టీచరు, డైరెక్టర్. ఆ ఏడు పుస్తకంలో "హుల్ట్‌మార్క్ దాగ్నీ, ఆవిష్కర్త" అని పడింది. ఊరు ఊరంతా ఆ పేజీ తెరిచి ముక్కున వేలేసుకుంది. పాస్టరు గారు ఆమె కొట్టానికే వెళ్ళారు.

"మనిషి తనకి తానే బిరుదు ఇచ్చుకోవడం అహంకారం కాదా, దాగ్నీ?"

"పాస్టరు గారి పేరు పక్కన పాస్టరని ఎవరు వేయించారండీ? దేవుడు ఫోను చేశాడా?" అని, ఆయన ముందు కాఫీ పెట్టింది. "బన్ను కూడా నేనే చేశాను. పొయ్యి కాదు. తినండి."

మరుసటి ఏడు పుస్తకానికి వివరాలు నింపే ఫారాలొచ్చినప్పుడు నాకు జలుబు. నాదీ పోస్టులో వెయ్యమని నా తెలివితక్కువతనం కొద్దీ దాగ్నీకే ఇచ్చాను. పుస్తకం వచ్చాక తెరిచి చూస్తే, అంతవరకు "శ్రీమతి" అని ఉన్నచోట "స్యోగ్రెన్ హిల్డూర్, సాక్షి" అని ఉంది. చెప్పులు కూడా తొడుక్కోకుండా, మేజోళ్ళతోనే మంచులో ఆమె కొట్టానికి పరుగెత్తాను.

"ఏమే! ఎవరడిగారు నిన్ను? ఊరంతా నవ్వుతోంది!"

దాగ్నీ ఆకురాయి కింద పెట్టలేదు. "రెండుసార్లు సాక్ష్యం చెప్పావు. ఒకసారి వాళ్ళకి, ఒకసారి నాకు. నేను రెండోది వేయించాను. మొదటిదే కావాలంటే ఫారం ఇంకోటి ఉంది, మార్చుకో" అంది.

ఆ ఫారం ఇంటికి తెచ్చుకుని, నింపకుండానే వంటింటి సొరుగులో పడేశాను. దాగ్నీ పోయి ఆరేళ్ళయింది. మొన్న తుంటి విరిగి నన్ను ఆస్పత్రిలో పడుకోబెడితే, చిన్న నర్సమ్మ నా వీపు కింద కుడి చెయ్యి పెట్టి, ఎడమ బొటనవేలితో కమ్మీ దించింది. చప్పుడు లేదు. దీన్ని ఎవరు చేశారో తెలుసా అని అడిగాను. తెలియదంది. కాగితాలు నింపుతూ, "ఇంతకీ మీరేం పనిచేసేవారు బామ్మా?" అని అడిగింది.

"సాక్షి," అన్నాను. "రాసుకో. తరవాత ఇలా కూర్చో, ఆ గడియ ఎవరు చేశారో చెప్తాను."