మా బామ్మర్ది వంతెన, నా జపాను చదువు

మొన్న ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే అతను, నా ఫోనులో జాగా లేక ఫొటోలు పడటం లేదని అంతా వెతికి, ఒక చిన్న బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది తెరుచుకునేది కాదు పెద్దాయనా, ఊరికే జాగా తింటాంది, తీసేస్తాండా" అన్నాడు. ఫోను అతని చేతిలోంచి లాక్కొని ఇంటికి వచ్చేశాను. అతను చెప్పింది నిజమే, అది తెరుచుకోదు. అదొక జపాను ఆట, దాన్ని నడిపేవాళ్లే మూసేసి చాలా కాలమైంది. ఈ వయసువాడికి ఫోనులో ఆటేమిటి, అందులోనూ జపానేమిటి అని మన ఈడువాళ్లు నవ్వుతారని తెలుసు. నవ్వండి, నేనూ నవ్వినవాణ్నే.

నాది రాతి పని. పదేళ్లకే ఉలి పట్టాను గాని ముప్పై దాటేదాకా అక్షరం తెలియదు. అయినా సమాధి రాళ్ల మీద పేర్లు నేనే చెక్కేవాణ్ని, కాగితం మీద ఎలా ఉంటే రాతి మీద అలా దింపేవాణ్ని, ఏం రాశానో తెలియకపోయినా గీత మాత్రం తప్పేది కాదు. ఒకసారి గోస్పాడు పక్క పల్లెనుంచి ఒక అయ్యవారు తన తండ్రి సమాధికి రాయి చేయించుకున్నాడు. పేరు, తేదీలు రాసి, అడుగున "అక్షరాలు కొంచెం పెద్దవిగా చెక్కవలెను" అని నాకోసం ఒక ముక్క రాశాడట. దాన్ని కూడా అందంగా చెక్కిపెట్టాను. రాయి చూసి ఆయన మొదట నవ్వాడు, తర్వాత అక్కడే కూర్చొని ఏడ్చాడు. ఆ వారంలోనే వయోజనుల బడికి పోయి పలక పట్టాను. చదువు వచ్చాక నాకు పొగరు కూడా వచ్చింది, ఎవరు ఏ కాగితం చూపించినా రాదు అనే మాట నా నోట వచ్చేది కాదు.

మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, నాకంటే మంచి పనివాడు, కానీ అక్షరం జోలికి పోలేదు. ఇద్దరం ఒకే కొట్టంలో పాతికేళ్లు దుమ్ము మింగాం. ఆ దుమ్ము నన్ను వదిలి వాడి ఊపిరితిత్తులను పట్టుకుంది. సుత్తి ఎత్తలేక నంద్యాలలో కూతురి దగ్గర చేరాడు. అక్కడి ఆసుపత్రిలో పక్క మంచం మీది కుర్రవాడెవరో వాడి ఫోనులో ఈ ఆట వేసిపెట్టాడు. కొండ రాళ్లు పగలగొట్టి, చెక్కి, నది మీద ఐదు కమానుల వంతెన కట్టాలి, అంతే ఆట. నేను చూడబోతే వాడు ఫోను నా చెవి దగ్గర పెట్టి, "ఇను బావా, దెబ్బ ఎట్ల పల్కతాందో, ఈళ్లెవరో పని తెల్సినోళ్లే" అన్నాడు. నిజంగానే నల్లరాయి మీద ఉలి పడ్డట్టే మోగింది. జీవితమంతా దేవుళ్లనూ సమాధులనూ చేశాం గాని మనుషులు నడిచే రాయి ఒక్కటి చేయలేదని వాడికి పెద్ద వెలితి. చచ్చేలోగా వంతెన నిలబెడతానన్నాడు. కాకపోతే ఆ ఆటలో రాతంతా జపానే.

"నువ్వు సదువు, నేను కొడతా" అన్నాడు. సరే అన్నాను. అరవై దాటిన నేను ఫోనులో పాఠాలు చూస్తూ, సుద్దముక్కతో పనికిరాని బండల మీద జపాను అక్షరాలు దిద్దాను. పలికే అక్షరాలు రెండు రకాలు, అవి ఏడాదికి పట్టుబడ్డాయి. ఆ తర్వాత వేలకొద్దీ బొమ్మల్లాంటి అక్షరాలు ఉన్నాయని తెలిసి నీరసం వచ్చింది. రాయి, నది, మనిషి, ఇలా ఒక వందదాకా నేర్చుకున్నాను. వారానికొకసారి నంద్యాల బస్సెక్కి పోయి, కొట్టు, మోయి, చాలదు అని వాడికి చదివిపెట్టేవాణ్ని. "మా యక్కను ఇడ్సిపెట్టి జపానుకు పోతాండావా ఏంది బావా" అని ఎగతాళి చేసేవాడు. నవ్వితే దగ్గు వచ్చేది, అయినా నవ్వేవాడు. నాలుగు కమానులు లేచాయి.

ఒకరోజు ఆట తెరవగానే పెద్ద నోటీసు వచ్చింది, నిండా బొమ్మ అక్షరాలే. అందులో నాకు తెలిసింది తేదీ ఒక్కటే, అది అంకెల్లో ఉంది.

"ఏం రాసిండారు బావా?"

వాడు అలా ముఖం పెట్టి అడుగుతుంటే రాదు అనలేకపోయాను. "పండగంట. ఆ పొద్దు ఒక్కో దెబ్బకు రెండు రాళ్లంట" అన్నాను. అంతకుముందు ఒకసారి అలాంటి పండగ వచ్చింది, ఇదీ అదే అయ్యుంటుందని నా ఊహ. నోటీసును ఉన్నదున్నట్టు నోటుబుక్కులోకి దింపుకున్నాను, ఇంటికి పోయి వెతుక్కుందామని. ఇంటికి పోయాక ఆ పుట తెరవలేదు. చెప్పేశాను కదా, ఇంకేం చూడాలి అనుకున్నాను.

ఆ ఆటలో రోజుకు ఇన్ని దెబ్బలని లెక్క, వాడకుంటే మిగులుతాయి. వాడు మూడు వారాలు ఒక్క దెబ్బ కొట్టలేదు, అన్నీ పండగకని దాచాడు. ఆ రోజు నేను పొద్దున్నే పోయాను. తెరిస్తే కొండా లేదు, నదీ లేదు, తెల్లటి తెర మీద ఒక్క వరస. అది మాత్రం తేలిక అక్షరాల్లో ఉంది, గడగడా చదవగలిగాను.

"ఏమంటాండారు?"

"ఇన్నాళ్లు ఆడినందుకు దండాలు అంటాండారు."

"పండగ బాగా జేసినారు బావా" అని ఫోను బోర్లా పెట్టాడు. తిట్టినా బాగుండేది. రెండో నెల దాటకముందే పోయాడు, వాడి ఫోను నాకు వచ్చింది. తర్వాత నోటుబుక్కు తీసి ఒక్కో అక్షరం వెతికి ఆ నోటీసు పూర్తిగా చదివాను. మూసేస్తున్నాం, ఆలోపు ఆడుకోండి అని మర్యాదగానే చెప్పారు. ఆ మూడు వారాల దెబ్బలతో ఐదో కమాను లేచి ఇంకా మిగిలేవి.

ఇప్పుడు ఏ భాష రాతకైనా ఫోను చూపిస్తే తెలుగు చేసిపెడుతుందట, బస్సులో ఒక ఆడపిల్ల బిస్కెట్ల డబ్బా మీది రాతకు పెట్టి చూపించింది, కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. ఇక చదువు రానందుకు ఎవరూ సిగ్గుపడి అబద్ధమాడే పని లేదు, మంచిదే. జపాను పాఠాలు నేను మానేశాను. నేర్చినవి ఒక్కొక్కటే జారిపోతున్నాయి, మళ్లీ దిద్దాలని లేదు. నాకు రాదప్పా అని చెప్పడం మాత్రం ఈమధ్య నోటికి సులువుగానే వస్తోంది. అడిగేవాడే లేడు.