పదకొండో జపం

ఇరవై రెండేళ్లు అక్టోబరు నెలంతా ఊరి చర్చిలో జపమాల చెప్పించింది తెక్లాయే. మాలలో అయిదు రహస్యాలు, అంటే అయిదు భాగాలు; ఒక్కో దానికి పది పూసలు, పది మరియమ్మ జపాలు. ప్రతి జపంలో ముందు సగం ఆమె చదివితే మిగతా సగం జనం అందుకునేవారు. కిందటి చలికాలం దగ్గు పట్టుకుని గొంతు పోయింది. మళ్ళీ వచ్చింది గానీ, గరగరలాడుతూ వచ్చింది. ఈ ఏడు ఫాదర్ గారు ఆ పని పోస్ట్‌మాస్టరు కోడలు రొజాలియాకు అప్పగించారు.

రొజాలియా గొంతు బాగుంటుంది. తెక్లాకు మండింది అందుకే. బాగాలేకపోతే జాలిపడి ఊరుకునేదేమో. రెండో బెంచీలో కూర్చుని, ఆ పిల్ల ముగించకముందే జవాబు అందుకునేది.

"ఏమే తెక్లా, రైలుకు వేళయిందా? మరియమ్మ ఎక్కడికీ పోదులే," అంది పక్కనున్న వాండా.

ఒక మధ్యాహ్నం రొజాలియానే తెక్లా ఇంటికి వచ్చింది. పొయ్యి మీద క్యాబేజీ ఉడుకుతోంది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"తెక్లత్తా, అందరూ వింటుంటే నాకు పూసల మీద ధ్యాస నిలవదు. నిన్న మూడో రహస్యంలో తొమ్మిదితోనే ఆపేశాను. నువ్వు నా పక్కన కూర్చుని, పదోది కాగానే మోచేయి తట్టవా?"

ఆ తప్పు తెక్లా నిన్ననే పట్టుకుంది. రాత్రంతా సంబరపడింది కూడా. "సరే, వస్తాలే," అంది క్యాబేజీ కలుపుతూ.

మూడు రోజులు సరిగ్గానే తట్టింది. నాలుగో రోజు గుడి నిండుగా ఉంది. బయటకు వెళ్తూ ఎవరో "ఈ పిల్ల చెప్పిస్తుంటే మనసు కరిగి ఏడుపొస్తోంది" అనడం ముందురోజే తెక్లా చెవిన పడింది. పదోది అయింది. తెక్లా చెయ్యి ఒళ్ళోంచి కదల్లేదు. రొజాలియా పదకొండోది మొదలుపెట్టి, మధ్యలో ఆమె ముఖంలోకి చూసింది. జనంలో చిన్న గుసగుస. అప్పుడు తట్టింది.

ఇద్దరూ కలిసే ఇంటిదారి పట్టారు.

"ఇవాళ ఒకటి ఎక్కువైంది కదత్తా."

"అయింది. కావాలనే తట్టలేదు."

"తెలుసు. రేపు తడతావా?"

తెక్లా శాలువా కప్పుకుంది. "నీ గొంతు వింటుంటే నాకు కడుపు రగిలిపోతుందే."

"అదీ తెలుసు. తడతావా?"

"తడతాను."

నెలాఖరు దాకా తట్టింది. ఒక్కటీ తప్పలేదు. ప్రతి పదికీ, కాస్త గట్టిగానే.