గడియారం గది గడప మీద

సార్ చనిపోయారన్న వార్త నాకు సార్ ఫోన్ నుంచే వచ్చింది. ఆదివారం పొద్దున తెర మీద ‘సార్’ అని పడగానే, ఎప్పట్లాగే గొంతు మార్చి, “కరెంటాఫీసు నుంచి మాట్లాడుతున్నం. మీ మీటరు ఉల్టా తిరుగుతున్నదట గదా” అన్నాను. అవతల సార్ కూతురి గొంతు వచ్చింది.

“అన్నా, నాయిన పోయిండు. చాయ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే పోయిండు.”

నా బతుకులో చాలా వెకిలి పనులు చేశాను. చావు కబురు చెప్పబోయినవాళ్లను మీటరు సంగతి అడిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆయన నాకు కంప్యూటర్ నేర్పిన సార్. నేర్పుదామని చూసిన సార్ అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. ఇరవై ఏళ్ల పైమాటే. తొర్రూరులో విత్తనాల దుకాణం మీది అంతస్తులో మూడు కంప్యూటర్లు పెట్టుకుని ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పి, ఇంటివాళ్ల తిట్లు పడలేక నేను అక్కడ చేరాను. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. నేను లోపలికి వెళ్లేముందు అందరి చెప్పుల జతలూ మార్చి వెళ్లేవాణ్ణి. మౌస్ కింది గుండు తీసి జేబులో వేసుకునేవాణ్ణి. సార్ ఎన్నడూ కొట్టలేదు. “కోతీ, గుండు ఇయ్యి” అని చెయ్యి చాపేవారు. అంతే.

మూడో కంప్యూటర్‌లో ఒక ఆట ఉండేది. నీళ్ల నడుమ ఒక పెద్ద బంగళా. అందులో మనిషి లేడు. కాల్చేది లేదు, పరుగెత్తేది లేదు, దయ్యం కూడా లేదు. ఉన్నవి గదులు, తలుపులు, మీటలు, చిక్కుముడులు. ఒక గదిలో బల్ల మీద కప్పు, అందులోంచి ఇంకా ఆవిరి లేస్తూ ఉంటుంది. పక్క గదిలో ఊగుడు కుర్చీ ఊగి ఊగి, మనం లోపలికి రాగానే ఆగుతుంది. ఎంత తిరిగినా ఎవరూ ఎదురుపడరు. ఇప్పుడే లేచి వెళ్లినట్టు ఉంటుంది ప్రతి చోటా. పాఠాలు అయిపోయాక సార్ ఆ బంగళాలోకి వెళ్లేవారు. మేం నలుగురైదుగురం వెనక నిలబడేవాళ్లం. గాలి చప్పుడు, మన అడుగుల చప్పుడు. పట్టపగలే నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి.

సార్‌కి ఒక అలవాటు ఉండేది. ఆటలో ఏ తలుపు ముందుకు వచ్చినా, తెరిచే ముందు గోటితో మానిటర్ అద్దం మీద టక్ టక్ అని కొట్టేవారు. “ఎవలన్న ఉన్నరా లోపట?” అని అడిగి, కాసేపు ఆగి, అప్పుడు నొక్కేవారు.

“సార్, ఎవ్వలుంటరు అండ్ల? గది ఆట” అని నేను నవ్వితే, “ఉన్నరో లేరో నీకెట్ల తెలుసురా? మనకు కనబడకపోతే లేనట్టేనా? పరాయోళ్ల ఇల్లు, పిలిచి పోతే మన సొమ్మేం పోదు” అనేవారు. తర్వాత ఆ ముక్క ఇంటికి వెళ్లే దారిలో గుర్తొచ్చి నేను వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదనుకోండి.

ఆటకోసం ఆయన ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టారు. బంగళా పటమంతా గీసి, అద్దాల గది, నీళ్ల గది, గడియారం గది అని ముత్యాల్లాంటి తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు. “చూసింది రాయాలె. రాసింది నమ్మాలె” అని మాకు చెప్పేవారు. గడియారం గదిలోకి అడుగు పెడితే అక్కడి గోడ గడియారం నాలుగు విడతలుగా మోగుతుంది. ఒక్కసారే మోగి, కింద ఊగే లోలకం గుండు తెగి పడి, ఆ ఆటలో ఇక మోగదు. ఏ విడతకు ఎన్ని గంటలో లెక్కపెట్టుకుని, వసారా చివరనున్న ఆఖరి తలుపుకు ఉన్న నాలుగు చక్రాలను ఆ అంకెల మీద నిలపాలి. ఒక్కటి తప్పినా బంగళా మనల్ని మొదటి గేటు బయట పడేస్తుంది, ఆట మళ్లీ మొదటినుంచి. ఎన్నిసార్లు ఆడినా గంటల లెక్క మాత్రం అదే.

సార్ లెక్కపెట్టి అంకెలు రాసుకున్నారు. ఆయన మంచినీళ్లకు లేచినప్పుడు నేను పెన్ను తీసుకుని అందులో ఒక అంకెను ఎనిమిది చేశాను. ఎందుకంటే ఏం చెప్పను. చెయ్యి ఊరుకోలేదు. తిరిగివచ్చి చక్రాలు తిప్పారు, బయట పడ్డారు. ముఖం చిన్నదైపోయింది. నేను లోపల పొంగిపోయాను. రేపు చెప్పి నవ్విద్దామనుకున్నాను. ఆ వారమే ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. కంప్యూటర్లు మూటగట్టుకుని ఆయన వెళ్లిపోయారు.

రెండేళ్ల కింద, నా సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో కూర్చుని ఏదో వెతుకుతుంటే ఆ బంగళా మళ్లీ కనపడింది. పాత ఆటలను కొత్త ఫోన్లకు తగ్గట్టు చేసి వదులుతున్నారు కదా, అందులో ఇదీ ఉంది. నంబరు సంపాదించి భూపాలపల్లికి వెళ్లాను. అక్కడ కూతురింట్లో ఉంటున్నారు, అల్లుడికి బొగ్గుబావిలో పని. ఫోన్‌లో ఆట వేసి చేతికిచ్చాను. ఆయన మొదటి గేటు చూడగానే గుర్తుపట్టారు. లేచి వెళ్లి పెట్టెలోంచి ఆ పొడుగు నోట్‌బుక్ తెచ్చారు. నేను దిద్దిన అంకె అందులోనే ఉంది.

అలవాటుగా గోటితో తెర మీద టక్ అని కొట్టారు. ఫోన్ కదా, తాకితే చాలు. తలుపు తెరుచుకుంది.

“ఓరి, గిదేందిరా! పిలువకముందే తెరుస్తున్నది. మర్యాద లేని యంత్రం” అన్నారు. తర్వాత మెల్లగా, “లేకుంటే లోపట ఎవలో నా కోసమే చూస్తున్నట్టున్నది” అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఫోన్. ఏ గది దాకా వచ్చారో చెప్పేవారు. నెలకో రెండు నెలలకో ఆఖరి తలుపు దగ్గరికి చేరేవారు. నోట్‌బుక్ చూసి చక్రాలు తిప్పేవారు. గేటు బయట పడేవారు. చెవులు మందగించాయి, ఫోన్ లోపలి గంటలు ఆయనకు లెక్క చిక్కవు. రాసుకున్నదాన్నే నమ్మారు.

“నా లెక్క తప్పుగాదురా. తలుపే ఎందుకో నన్ను రానిస్తలేదు” అనేవారు.

చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. మొదటి ఆదివారమే చెప్దామనుకున్నాను. ఆయన అరగంట మాట్లాడారు. పగిలిన తెర గురించో, ఎక్కని చార్జింగ్ గురించో కాకుండా నాతో అరగంట మాట్లాడే మనిషి ఈ తొర్రూరులో లేడు. తలుపు తెరుచుకుంటే ఆట అయిపోతుంది. ఆట అయిపోతే ఫోన్ ఎందుకు చేస్తారు? అందుకని ముసలాయన్ను రెండేళ్లు ఆ తలుపు బయటే నిలబెట్టాను.

దహనానికి నేను వెళ్లలేదు. ముఖం చెల్లలేదు. మూడో రోజు జనగామ బస్సెక్కి, లింగాల ఘనపూర్ దగ్గర సార్ సొంతూరికి వెళ్లాను. అప్పటికే అందరూ చేను గట్టు మీద ఉన్నారు. పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు, ఓ పక్కన చాయ గ్లాసు. ఎదురుగా తుమ్మచెట్టు మీద ఒక కాకి కూర్చుని ఉంది. అది తినదు, పోదు, అరవదు. మా వైపే చూస్తోంది.

పిట్ట ముట్టేదాకా ఎవరూ ఇంటికి వెళ్లరు, ముద్ద ముట్టరు. పోయినాయనకు తీరని కోరిక ఏదో ఉండబట్టే ముట్టడం లేదని లెక్క. సార్ అన్న, డెబ్బై దాటిన మనిషి, చేతులు కట్టుకుని విస్తరితో మాట్లాడుతున్నాడు.

“తమ్మీ, నీ పెండ్లాన్ని మేం అరుసుకుంటం. నీ బిడ్డకు మేమున్నం. ఇగ తినవోయ్.”

కాకి కదల్లేదు. ఎండ నెత్తికెక్కుతోంది. ఎవరో బీడీ ముట్టించి పెట్టారు.

“ఆయన బీడీ ఎన్నడు తాగిండురా? తీసెయ్ అటు” అని సార్ భార్య కసురుకుంది. పొద్దున్నుంచి ఆమె కూర్చోలేదట. కూతురు నా పక్కకు వచ్చింది. “ఆఖరు రోజు గూడ గా తలుపు సంగతే మాట్లాడిండన్నా. ఈసారి తెరుస్తదే బిడ్డా అన్నడు” అంది. ఆమె చేతిలో సార్ ఫోన్ ఉంది.

నేను చెప్పేశాను. అందరి ముందరా. నోట్‌బుక్, పెన్ను, ఎనిమిది, రెండేళ్ల ఆదివారాలు.

సార్ భార్య నా ముందుకు వచ్చి నిలబడింది.

“నీ చేతులిరుగ. ‘నేనే తప్పు రాసిన్నా’ అని రాత్రిళ్లు నన్ను లేపి అడుగుతుండెరా. ‘ముసలోడినైపోయిన, బుర్ర పనిచేస్తలేదు’ అని ఏడ్సిండు. నువ్వు ఫోన్ల నవ్వుకుంట కూసున్నవా?”

“నవ్వలేదమ్మా.”

“నవ్వకుంటే ఏం ఒరిగింది? తెరువు. గా తలుపు ఇప్పుడు తెరువు.”

ఆట తెరిచాను. సార్ ఆపిన చోటే ఉంది, గడియారం గది గడప మీద. నోట్‌బుక్ కూతురి సంచిలో ఉంది. ఆ వరుసలో రెండు ఎనిమిదులున్నాయి. ఏది గడియారం కొట్టిందో, ఏది నేను కొట్టిందో నాకే తెలియదు. వినాల్సిందే. ఎండకు తెర మీద ఏమీ కనపడలేదు. సార్ అన్న భుజం మీది తువ్వాల తీసి మా నెత్తుల మీద కప్పాడు. ఆ నీడలోకి ఆయన, సార్ భార్య, కూతురు, నేను తలలు దూర్చాం. మిగతావాళ్లు చుట్టూ మూగారు.

“ఎవ్వలు సప్పుడు చేయకుండ్రి” అంది సార్ భార్య.

గడప దాటించాను. గాలి చప్పుడు ఆగింది. గడియారం మొదలైంది. ఎక్కడో బావి అడుగున మోగినట్టు ఉంది. ఎనిమిది. ఆగింది. నాలుగు. మళ్లీ ఆగింది. కూతురు అరచేతిలో రాసుకుంటోంది. మూడో విడత మోగి ఆగింది.

“ఎనిమిదే గదా?” అన్నాడు సార్ అన్న.

“మూడు. మూడు గొట్టి ఆగింది. నాకు చెవులున్నయి” అంది సార్ భార్య.

“మూడే పెద్దబాపు” అంది కూతురు.

రెండుతో ఆఖరి విడత అయింది. గుండు తెగి పడింది. ఆ చప్పుడుకు చుట్టూ ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. నేను వసారా చివరికి వెళ్లి చక్రాలు తిప్పాను. వేళ్లకు చెమట పట్టి తెర వినలేదు. సార్ భార్య తన కొంగుతో నా చెయ్యి తుడిచింది, మెత్తగా కాదు. ఆఖరి చక్రం నిలిచింది.

తలుపు తెరుచుకుంది. నేనెన్నడూ చూడని చోటు. మెట్లు నీళ్లలోకి దిగుతున్నాయి. కింద ఒక పడవ, తాడుతో కట్టి ఉంది. ఇంకేమీ లేదు.

“గింతేనా?” అన్నాడు సార్ అన్న.

“తాడు మీద ఒత్తాలె” అన్నాను. నా వేలు ఆగిపోయింది.

“ఒత్తురా” అంది సార్ భార్య. ఆమె గొంతు తగ్గింది. “ఇంకా ఎన్నొద్దులు నిలబెడుతవ్? పోనియ్యి.”

ఒత్తాను. తాడు జారింది. పడవ మెట్లు వదిలి కదిలింది. అప్పుడే బయటి నుంచి ఎవరో కేక వేశారు, “ముట్టింది! పిట్ట ముట్టింది!”

తువ్వాల తీసి చూశాం. విస్తరి మధ్యలో ముద్ద లేదు. చాయ గ్లాసు సగానికి వచ్చింది. కాకి ఎప్పుడు దిగిందో చూశారా అంటే, కేక వేసినవాడితో సహా ఎవరూ చూడలేదు. అందరం ఫోన్ వైపే ఉన్నాం. తుమ్మచెట్టు ఖాళీగా ఉంది. ఆకాశంలో పిట్ట లేదు.

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. పడవ చిన్నదవుతూ పోతోంది. అందులో ఎవరూ లేరు, నేను మళ్లీ మళ్లీ చూశాను. తెడ్లు మాత్రం తొందర లేకుండా లేచి పడుతున్నాయి, ఆ నీళ్ల చప్పుడు చేను గట్టు మీద అందరికీ వినపడుతోంది.