నాయనమ్మ సెవుడు, పిడికెడు కొబ్బరి

కొబ్బరి కోరుతున్న చప్పుడు వింటే మీ నోట్లో నీళ్ళే ఊరతాయా, మాటలు కూడా ఊరతాయా?

నిన్న ఇక్కడ మలయ్ దేశంలో, బ్రిక్‌ఫీల్డ్స్ బజారులో ఒక కొట్టు ముందు కొబ్బరి కోరుతున్నారు. "నాయనమ్మా, కూసింతెట్టవా" అని నా నోరు దానంతటదే అనేసింది. ఈ తెల్లగెడ్డాన్ని చూసి కొట్టాయన ఒకటే నవ్వినాడు.

బాగన్ దాతుక్ కొబ్బరితోటల్లో నాతో పెరిగినోళ్ళారా, గుర్తుందా? బెల్లం కలిపిన ఆ పచ్చి కోరు, ఆ పిడికిలి! తెలుగులో అడక్కపోతే నాయనమ్మ తిట్టేది కాదు. ఉత్తినే సెవిటిదైపోయేది.

"పాట్టీ, తేంగా!" అని తమిళంలో అరిచేది మా చెల్లి.

"ఏటే? గాలి సప్పుడా?"

"నాయనమ్మా, కొబ్బరెట్టవే!"

"అదీ! నోరు తెరు, అమ్మీ."

గంట కొట్టి కూడు పెడుతుంటే, కొన్నాళ్ళకి ఉత్త గంటకే కుక్కకి నోరూరుతుందట. మెచ్చి పెట్టిన పనినే ప్రాణి మళ్ళీ చేస్తుందట. మనస్తత్వ శాస్త్రం చెప్పే ఈ మాటనే మన పెద్దలు సంస్కారం, అంటే మనసులో పడే అచ్చు, అన్నారు. బడిలో తమిళం, బజారులో మలయ్ ఉన్న మాకు తెలుగు దక్కిందంటే ఆ పిడికెడు కొబ్బరి వల్లే. ఆ సేతికి వెయ్యి దండాలు!

మా మనవరాలికి తెలుగు అర్థమవుతాది, అడిగేది మాత్రం మలయ్‌లోనే. అడగ్గానే ఇచ్చేస్తున్నాం గదా! మౌనంగా మనమే తెలుగు మాన్పిస్తున్నాం.

లేవండి! ఇవాళే కాయ కొట్టండి. కోరు గుప్పిట్లో పట్టుకుని సెవిటోళ్ళైపోండి. ఒక్క తెలుగు ముక్క వినపడగానే మీ ఇంటి పిల్ల నోట్లో పెట్టండి!