కార్నర్ జెండా దగ్గర మామూ

నిన్న పొద్దున పళ్లు తోముకుంటుంటే మా బావ ఫోన్ చేశాడు. మా అక్క భర్త, లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. హలో కూడా అనలేదు. "మల్ల పీకిన్రు," అన్నాడు. ఎవరిని అని నేనడగలేదు. మా ఇద్దరికీ ఒకేసారి గుండెలో కలుక్కుమనిపించే ఉద్యోగం దేశంలో ఒక్కటే ఉంది, ఫుట్‌బాల్ జట్టు కోచ్‌ది. "ఈసారి ఎవల్ని పెడ్తరో," అన్నాడు. "ఎవల్ని పెడితే ఏంది బావా," అన్నాను. ఇద్దరం ఒకే మనిషిని తలుచుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు. ఫోన్ ఆయనే పెట్టేశాడు.

ఒకప్పుడు జనగామలో ఫుట్‌బాల్ అభిమానులు వేలల్లో ఉండేవారు. మా వాదనలు వినడానికి స్టేషన్ రోడ్డులో ఆటోలు ఆగిపోయేవి. సరే, వేలల్లో కాదు. ముగ్గురం. నేను, బావ, ఎరువుల దుకాణం నడిపే మా తమ్ముడు, అంటే చిన్నమ్మ కొడుకు. ఆటోలు ఆగిన మాట నిజమే కాని, అక్కడ రైలు గేటు పడేది. ఊరంతా క్రికెట్టు చుట్టూ తిరుగుతుంటే మేం ముగ్గురం మామూ దర్జీ దుకాణం ముందున్న బల్ల మీద సాయంత్రాలు చేరి దేశానికి కోచ్‌ను నియమించేవాళ్లం. మామూ మాకు చుట్టం కాదు. వాళ్ల గల్లీ పిల్లలు పిలిచే పిలుపు మాకూ అంటుకుంది. వయసులో మాకంటే కొంచెమే పెద్ద. బడి పిల్లల యూనిఫారాలు కుట్టేవాడు. పైకి చూస్తే కళ్లజోడు, మెడలో టేపు, నోట్లో వక్క. కాని మిషను తొక్కే ఆ ఎడమకాలు కలకత్తాలో లక్షమంది ముందు బంతిని గాలిలో వంకర తిప్పి గోల్‌కీపర్ని గడ్డిలో కూర్చోబెట్టిన కాలు.

ఈ లక్షమందిని నేనే పోగుచేశాను. కండక్టరుగా పనిచేసినవాణ్ని, జనాన్ని కుక్కడం అలవాటు. జరిగింది చెబుతాను. మామూ వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద జట్టుకు ఎడమ వింగులో, అంటే మైదానం ఎడమ అంచున, ఆడాడు. దేశపు జట్టు శిబిరానికి పిలుపొచ్చింది. వెళ్లాడు. శిబిరం సగంలో కోచ్ కొందరిని ఇంటికి పంపించాడు, వాళ్లలో ఈయన ఒకడు. రైలు దిగి, వాళ్ల నాన్న మిషను ముందు కూర్చున్నాడు. ఆయన ఫుట్‌బాల్ జీవితమంతా అంతే. మిగతాదంతా మేం బల్ల మీద కూర్చుని కుట్టి తగిలించిన జేబులు.

మా సభకు ఒక పద్ధతి ఉండేది. మామూ టేపు ఎవరి మెడలో ఉంటే వాళ్లే ఆ పూట కోచ్. పదకొండు మందిని ఎంపిక చేయాలి, మిగతావాళ్లు తిట్టాలి, తిట్లు ముదిరితే టేపు ఊడబెరికి ఇంకొకరు వేసుకోవాలి.

"బయటోడే రావాలె," అనేవాడు బావ. "మనోళ్లకు డిసిప్లిన్ ఏడుంది?"

"బయటోడు వచ్చి ఏం జేసిండు బావా? సూట్‌కేస్ తెచ్చిండు, సూట్‌కేస్ కొంటవోయిండు," అనేవాడు తమ్ముడు. "మనోణ్ని పెట్టుండ్రి. కనీసం పోరగాళ్లకు తిట్టు అర్థమైతది."

"నీ దుకాణంల యూరియా కాడ లైను సక్కగ నిలబెట్టరాదు నీకు, డిఫెన్స్ ముచ్చట నువ్వు చెప్తున్నవా?"

ఇంతలో ఎవరో కొలతలకు వచ్చేవారు. మామూ తలెత్తకుండా చెయ్యి చాచేవాడు. "కోచ్ సాబ్, జర టేపియ్యుండ్రి. పోరనికి నడుము కొలవాలె." తానుగా ఎప్పుడూ వాదనలోకి దిగేవాడు కాదు. నిన్ను పంపించేసిన కోచ్ ఎలాంటివాడు మామూ అని నేను చాలాసార్లు గీకి చూశాను. "మంచోడే," అనేవాడు. "గీత అవతల నిలబడ్డోనికి ఆట మంచిగ కనబడ్తది. లోపల ఉన్నోనికి బంతే కనబడ్తది." తిరిగి మిషను తొక్కుడు.

రెండేళ్ల కింద, బళ్లు తెరిచే ముందు, ఆయన ఎడమకాలి బొటనవేలిలో సూది ముక్క విరిగి దిగింది. షుగరు మనిషి, పాదం మొద్దుబారి ఉంది, ఆయనకు తెలియనే లేదు. దుకాణంలో నేల మీద మరకలు చూసి ముమానీ, అంటే ఆయన భార్య, కాలు పట్టి చూసేసరికి వేలు రంగు మారింది. మా ఊరి దవాఖానలో డాక్టరమ్మ సూది తీసి, ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానకు పొమ్మంది. ఇప్పుడైతే వేలు ఒక్కటే తీస్తారట, ఆలస్యమైతే కాలు పోతుందట. ఆ మాట మామూ బల్ల మీద మాకు చెప్పాడు, కొలతలు చెప్పినట్టు.

మంచి ఆటగాణ్ని ఏ కోచ్‌కు అప్పగించాలో తేల్చడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు కదా. బావ హైదరాబాదన్నాడు. తమ్ముడు వరంగల్ అన్నాడు. నేను అటొకసారి, ఇటొకసారి. రెండు సాయంత్రాలు తిట్టుకుని వరంగల్‌కు ఒప్పుకున్నాం అనుకునేసరికి మామూ నోరు విప్పాడు. "టేకుమట్లల ఒక అవ్వ ఆకు కడ్తదంట గద."

వాదనలోకి దిగని మనిషి దిగాడని మాకు హుషారొచ్చింది. కుట్టే బట్టలు మీద పడి ఉన్నాయి, మీరు పోయి కనుక్కోండ్రి అన్నాడు. కనుక ముగ్గురు ముసలివాళ్లం బస్సులు మారి, రోగిని ఇంట్లో వదిలి, రోగి కాలివేలు ఫొటో ఫోన్లో పెట్టుకుని టేకుమట్ల పోయాం. అవ్వ ఫొటో చూసింది. మమ్మల్ని చూసింది.

"మనిషేడి?"

"జనగామల ఉన్నడవ్వా."

"కాలు ఆడుంటే మీరు ఈడికొచ్చి ఏం జేస్తున్నరు? ఆకు ఎవలికి కట్టాలె, మీ ముగ్గురి మూతులకా? నల్లబడ్డది బిడ్డా. గిది నాతోని కాదు. దవాఖానకు కొంటవోండ్రి."

వచ్చి చెప్పాం. మామూ బుద్ధిగా తలూపాడు. "అవ్వనే చెప్పినంక పోవాలె. మల్ల బావ చెప్పిన హైదరాబాదే నయమేమో?" బావ ఛాతీ విరుచుకున్నాడు, తమ్ముడు లేచి నిలబడ్డాడు, మళ్లీ మొదలు. ఇలా ఎన్ని సాయంత్రాలు పోయాయో లెక్క పెట్టలేదు. ఒకరోజు వాళ్లిద్దరి గొంతులూ బజారుకెక్కి ఉండగా నేను మామూ ముఖం చూశాను. తలవంచి కాజాలు కుడుతున్నాడు. పెదవి చివర నవ్వు.

ఆట తెలియనివాళ్లకు చెప్పాలి. గెలుస్తున్న జట్టు ఆఖరి నిమిషాల్లో గోలు వైపు పోదు. బంతిని మైదానం మూలనున్న కార్నర్ జెండా దగ్గరికి తీసుకుపోయి, ఒళ్లు అడ్డంపెట్టి, అక్కడే నిలబడుతుంది. జనం తిడుతుంటారు, గడియారం తిరుగుతుంటుంది. వింగు ఆటగాళ్లకు అది వెన్నతో పెట్టిన విద్య.

మిషను పక్కకు జరిగి మెల్లగా అన్నాను. "మామూ, బంతిని జెండా కాడికి కొంటవోతున్నవు గదా?"

దారం కొరికాడు. "దొరికిన్నా, కండక్టర్ సాబ్?"

"గెలిచేటోళ్లు జేస్తరు ఆ పని. నువ్వేం గెలుస్తున్నవు?"

"ఇప్పటికి రెండు కాళ్లున్నయి గద," అన్నాడు. "గెలుస్తనే ఉన్న."

అప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయని రాద్దామనుకున్నాను. తిరగలేదు. చల్లారిన టీ తాగాను. తర్వాత లోపలికి పోయి ముమానీకి చెప్పాను. ఆమె సంచిలో లుంగీ, తువ్వాలు పెట్టి, బయటికొచ్చి, మా ముగ్గురినీ లేపి, ఆ బల్ల దగ్గర నుంచే ఆటోను కేకేసింది. వరంగల్‌లో ఎడమకాలు మోకాలి పైకి తీసేశారు.

ఇంటికొచ్చాక మిషనుకు మోటారు పెట్టించాం. నడిచింది కాని, ఆయన కుట్టిన చొక్కాల కుట్టు వంకరపోయేది. బడివాళ్లు మెల్లగా వేరే దర్జీని చూసుకున్నారు. మేం బల్ల మీద కూర్చునేవాళ్లం. కోచ్ ముచ్చట ఎత్తబోయి బావ ఎండల గురించి మాట్లాడేవాడు. మోటారు ఉత్తగా గుర్రుమనేది.

పోయిన వానకాలం కుడికాలి చిటికెనవేలు నల్లబడింది. ఈసారి ముమానీ కనిపెట్టలేదు, ఆయనే పిలిచి చూపించాడు. మేం పోయేసరికి చొక్కా తొడుక్కుని తయారుగా కూర్చుని ఉన్నాడు. బావ కావాలనే, పాపం, కావాలనే అన్నాడు: "హైదరాబాద్ పోదామా మామూ? ఒకసారి ఆలోచన చేద్దాం. తొందరేముంది?" తమ్ముడు అందుకున్నాడు, వరంగలే అని. నేను టేకుమట్ల అవ్వ పేరు కూడా తెచ్చాను. ముగ్గురం ఎంత బాగా కొట్లాడామో ఆ రోజు! ఆయన విననే లేదు. "ఏదైతేంది, నడువుండ్రి," అన్నాడు. ఆటో ఎక్కాడు. దవాఖాన నుంచి తిరిగి రాలేదు.

కాలాన్ని వృథా చేయొద్దని బావ బడిలో పిల్లలకు చెప్పేవాడు, నేను బస్సులో జనానికి చెప్పేవాణ్ని. మామూ ఆ వేసవంతా వృథా చేసినప్పుడు ఆయనకింకా కాలం మీద ఆశ ఉండేదని, ఒక్క పూట కూడా వృథా చేయకుండా లేచిననాడు అది లేదని, నాకు ఆటో మలుపు తిరిగాక అర్థమైంది.