ఉస్తాద్ మోసిన నా తప్పు

ఆదివారం నా వాక్యబోధ మంచి వేడి మీద ఉండగా ఉస్తాద్ పోయాడన్న కబురు వచ్చింది. గుండె ఆగిందట. మా మియాపూర్ ప్రార్థన హాలులో వెనక కూర్చునే క్యాబ్ డ్రైవర్లు ఒకరి వెంట ఒకరు లేచి వెళ్లిపోయారు. నేనింకా ఆమెన్ అనలేదు. ప్రియులారా, దాచను. ఆ క్షణాన నాకు ముందొచ్చింది దుఃఖం కాదు, అసూయ. పోతూ పోతూ కూడా నా మనుషుల్ని లాక్కుపోయాడనుకున్నాను.

ఆయన మా హాలు పక్క షెడ్డులో కార్ల బ్రేకులు చూసే మెకానిక్. ప్రార్థనకు ఒక్కరోజూ రాలేదు. మారుమనసు పొందండని నేను పదేళ్లుగా గొంతు చించుకుంటే, రేపు చూద్దాం బ్రదర్ అనేవాళ్లే, బ్రేక్ ప్యాడ్లు అరిగాయని ఆయన ఒక్క మాటంటే మాదాపూర్ ట్రిప్పు వదులుకుని మరీ బండి అప్పగించేవాళ్లు. బ్రేక్ ఆయిల్ డబ్బా బండివాడి కళ్లముందే మూత తీసేవాడు. మిగిలింది మరో బండికి వాడడు, గాలి తగిలితే చెమ్మ పడుతుందంటాడు. ఆ మూత తీసేటప్పుడు డ్రైవర్లు నిలబడే తీరు చూసి, నా ముందు ఇలా నిలబడరే అని కడుపు మండిపోయేది.

కిందటేడు మా సంఘం అనంతగిరి కొండలకు బయల్దేరాలనుకుంది. ముందురోజు చూస్తే సంఘం వ్యానులో బ్రేక్ ఆయిల్ తగ్గింది. పక్కనే ఆయనున్నాడు. అడగడం నాకు చిన్నతనమనిపించింది. వాక్యమే ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఇదొకటి నేర్చుకోవాలా అనుకుని, హాలులో మిగిలిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి పోసేశాను.

తెల్లారి పద్నాలుగు మంది ఎక్కి కూర్చున్నారు. సగం మంది దవాఖానల్లో నర్సులు. షెడ్డు తెరవడానికి వచ్చిన ఉస్తాద్, కొండకు పోతున్నామని విని బానెట్ ఎత్తాడు. ఆయిల్‌లో వేలు ముంచి వాసన చూశాడు. నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"గిది ఎవరు పోసిన్రన్నా?"

"నేనే."

"లోపల రబ్బర్లు ఉబ్బుతయి. గీడ ఆగుతది. కొండ దిగంగ ఆగదు."

తర్వాత వ్యాను వైపు తిరిగి అందరికీ వినపడేలా అన్నాడు. "జర దిగున్రమ్మా. నిన్ననే బండి చూడాల్సుండె, నేనే మర్చిపోయిన."

మా సంఘంలో పెద్ద నర్సమ్మ ఆయన్ని దులిపేసింది. దొరక్క దొరక్క దొరికిన సెలవు నువ్వు తిరిగిప్పిస్తావా అంది. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు. గ్రంథం చంకలో పెట్టుకుని నేనూ విన్నాను. ఒకరి తప్పు మరొకరు మోయడం గురించి ఎన్నేళ్లు అరిచాను! కళ్లముందు ఒకడు మోస్తుంటే, మెచ్చుకోవాల్సిన చోట నాకు ఇంకా మండింది.

మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా రబ్బర్లన్నీ మార్చి, పైపులు కడిగి, వారానికి తాళం చేతికిచ్చాడు.

"ఆయిల్ తగ్గితే పోసుడే కాదన్నా, ఎటు పోయిందో చూడాలె. ప్యాడ్లు అరిగినా తగ్గుతది, ఏడన్న కారినా తగ్గుతది."

అంతే. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

గ్రంథంలో, తమ్ముడి అర్పణను దేవుడు మెచ్చాడని ముఖం మాడ్చుకున్న అన్న కథ నాకు కంఠతా వచ్చు. ఎన్నోసార్లు బోధించాను. ఆ అన్న వేరెవరో అనుకునే బోధించాను.

కబురు వచ్చిన ఆ ఆదివారం సాయంత్రం ఉస్తాద్ ఇంటికి వెళ్తే వీధి పొడవునా క్యాబులే. పెద్ద నర్సమ్మ కూడా వచ్చింది. ఆయన భార్య వింటుండగానే, మంచివాడే పాపం, ఆ రోజు మన వ్యాను మాత్రం మర్చిపోయాడు అంది.

"మర్చిపోలేదమ్మా," అన్నాను. "చెడగొట్టింది నేను. ఆయన తన మీద వేసుకున్నాడు."

ఆయన భార్య కాస్త జరిగి, చాప మీద నాకు చోటిచ్చింది.

కదిలే ముందు బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకుని చూడమనేవాడు ఉస్తాద్, మెల్లగా కిందికి జారితే బండి తీయొద్దనేవాడు. సోమవారం పొద్దున మూసి ఉన్న షెడ్డు ముందు వ్యాను స్టార్ట్ చేసి తొక్కి పట్టుకున్నాను. పెడల్ గట్టిగా నిలబడింది. వెనక హారన్లు మోగుతున్నా చాలాసేపు కాలు తీయలేదు.